కార్డు గీకితే కందిపప్పు

పీనట్ బటర్‌తో పల్లీ చట్నీ చెయ్యొచ్చని మీకెవరైనా చెప్పారా? రెండు చెంచాల బటరు, కాస్త కారం, ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, వేణ్ణీళ్ళతో కలిపి, పైన తాలింపు పడేస్తే ఇడ్లీకి కాకపోయినా బ్రెడ్డుకి పనికొస్తుంది. చక్కెర కలపని డబ్బా దొరికితే అదృష్టం. కలిపిందైతే ఇంకో చెంచా కారం వేసుకోవడమే. అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలకి ఈ వంట కొత్తేం కాదు. నెలాఖరు, గదికి నలుగురు, అలమరలో మిగిలింది అదొక్కటే. అయితే ఆ డబ్బా చాలాసార్లు కొట్లో కొన్నది కాదండీ. యూనివర్సిటీలోనే ఒక గది ఉంటుంది, అక్కణ్ణించి తెచ్చుకున్నది. ఇవాళ మన కబుర్లు ఆ గది గురించి.

దాన్ని ఫుడ్ బ్యాంక్ అంటారు, ఫుడ్ ప్యాంట్రీ అని కూడా అంటారు. సరుకంతా నిలవచేసే పెద్ద గోడౌన్ బ్యాంకు, అందులోంచి తెచ్చి జనానికి పంచేది ప్యాంట్రీ అని అక్కడివాళ్ళు తేడా చెబుతారు గానీ, క్యాంపస్‌లో ఆ పట్టింపు ఎవరికీ లేదు. మనకీ అక్కర్లేదు.

"అమెరికాలో, అందులోనూ యూనివర్సిటీలో, తిండికి కటకటా?" అని ముక్కున వేలేసుకుంటున్నారు కదూ. మిషిగన్ రాష్ట్రంలో ఈస్ట్ లాన్సింగ్ అని ఒక ఊరుంది. అక్కడి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 1855లో వ్యవసాయ కళాశాలగా మొదలైంది. సేద్యం నేర్పడానికే పుట్టిన బడి అన్నమాట. మొక్కజొన్నలో రెండు రకాల్ని కలిపి దిగుబడి పెంచడం మీద విలియం బీల్ అనే ఆచార్యుడు 1870ల్లోనే ప్రయోగాలు చేసింది ఆ పొలాల్లోనే. దేశానికి గింజ ఎలా పండించాలో నూరేళ్ళకు పైగా చెప్పిన ఆ చోటే, 1993లో విద్యార్థులు తమ తోటి విద్యార్థుల కోసం ఫుడ్ బ్యాంక్ తెరిచారు. విద్యార్థులే నడిపే క్యాంపస్ ఫుడ్ బ్యాంకుల్లో అమెరికాలో అదే మొదటిది. కెనడా వాళ్ళు రెండేళ్ళు ముందున్నారు. ఎడ్మంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టా వాళ్ళది 1991లోనే మొదలైంది. ఆ ఎడ్మంటన్‌లోనే, అంతకు పదేళ్ళ ముందు, 1981లో, కెనడాకంతటికీ మొదటి ఫుడ్ బ్యాంక్ వెలిసింది. ఊరికి అవసరమైనది పదేళ్ళలో కాలేజీ గేటు దాటి లోపలికి వచ్చేసింది.

తరవాత చాలాకాలం ఇవి ఎవరికీ పట్టని గదులు. 2008 మాంద్యం దెబ్బకి కదలిక వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో అబ్దల్లా జదల్లా అనే విద్యార్థి 2009లో ఫుడ్ క్లోజెట్ పెట్టించాడు. పేరుకి తగ్గట్టే అలమర కంటే కొంచెం పెద్ద గది. లోపలికి వెళ్ళు, కావలసింది తీసుకో, వచ్చెయ్. మరుసటేడు అదే క్యాంపస్‌లో రేచల్ సుమేక్, ఆమె స్నేహితులు ఇంకో కిటుకు కనిపెట్టారు. అక్కడ హాస్టల్ పిల్లలు ముందే డబ్బు కట్టి మీల్ ప్లాన్ కొంటారు, పూటకి ఒకసారి కార్డు గీకి మెస్సులోకి వెళతారు. సెమిస్టర్ చివర్లో వాడని పూటలు బోలెడు మిగిలిపోతాయి. మెస్సువాళ్ళకి అది లాభం. ఆ మిగిలిన పూటల్ని ఆకలితో ఉన్నవాళ్ళకి మళ్ళించమని అడిగారు. స్వైప్ అవుట్ హంగర్ అనే సంస్థ అలా పుట్టింది. 2012లో మిషిగన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీల ప్యాంట్రీలు నడిపేవాళ్ళు చేతులు కలిపి క్యాంపస్ ఫుడ్ బ్యాంకులన్నిటికీ ఒక కూటమి కట్టారు. 2018 వచ్చేసరికి అందులో 650కి పైగా కాలేజీలు చేరాయి. ఒక మంచి పని ఇంత వేగంగా పెరిగితే సంతోషించాలో భయపడాలో నాకు తెలియదు.

అదే ఏడాది అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ, అంటే మన కాగ్ లాంటిది, ఈ విషయం మీద నివేదిక రాసింది. అప్పటికి జరిగిన 31 అధ్యయనాలు తీసి చూస్తే, వాటిలో 22 అధ్యయనాలు నూటికి 30 మందికి పైగా విద్యార్థులకి తిండికి భరోసా లేదని తేల్చాయి. అధ్యయనాలు చాలావరకు ఒక్కో కాలేజీకి పరిమితమైనవి, కాబట్టి ఆ లెక్కని దేశమంతటికీ పులమకూడదని కూడా ఆ నివేదికే చెప్పింది. దేశమంతటికీ సరిపోయే లెక్క 2020 ప్రభుత్వ సర్వేలో దొరికింది. డిగ్రీ చదివేవాళ్ళలో 23 శాతం, పీజీ వాళ్ళలో 12 శాతం. పన్నెండేనా అనుకోకండి. ఎనిమిదిమందిలో ఒకరన్నమాట, పైగా మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్ళేది ఆ పీజీకే.

"మేమూ కష్టపడే చదివాం, నూడిల్స్ తినే పాసయ్యాం" అనే పెద్దమనుషులు అక్కడా ఉన్నారు. వాళ్ళ మనసులో ఉన్న విద్యార్థి పద్దెనిమిదేళ్ళవాడు, వెనకాల అమ్మానాన్నల ఇల్లు ఉన్నవాడు, సెలవులకి వెళ్ళి రెండు కిలోలు బరువు పెరిగి వచ్చేవాడు. ఇప్పుడు క్లాసులో కూర్చున్నవాడు వేరు. ఆ తనిఖీ సంస్థ నివేదిక ప్రకారం 2016లో డిగ్రీ విద్యార్థుల్లో సగంమంది తమ ఖర్చు తామే చూసుకునేవాళ్ళు. నూటికి 22 మందికి సొంత పిల్లలున్నారు. పగలు క్లాసు, సాయంత్రం కొట్లో పని, రాత్రి పిల్లకి డైపర్. అందుకే ఈ ప్యాంట్రీల్లో బియ్యం, బీన్స్‌తో పాటు డైపర్లూ, సబ్బులూ, శానిటరీ ప్యాడ్లూ కూడా పెడతారు. ఫీజు చెక్కు వెనక్కి వస్తే కాలేజీకి వెంటనే తెలుస్తుంది, అద్దె ఆగితే ఇంటివాడికి తెలుస్తుంది. కడుపు కాలితే మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే డబ్బు చాలకపోతే ముందు కోసేది తిండిలోనే.

మరి ప్రభుత్వం ఏం చేస్తుంది అంటారా? ఇక్కడ ఒక తమాషా ఉంది. అమెరికా సర్కారు పేదలకి సరుకులు కొనుక్కోడానికి ఇచ్చే సాయాన్ని స్నాప్ అంటారు, పాతపేరు ఫుడ్ స్టాంపులు. కాలేజీలో సగం కోర్సు, అంతకు మించి చదివే విద్యార్థికి మామూలుగా అది రాదు. పసిపిల్లలుంటేనో, ప్రభుత్వం ఇచ్చే వర్క్ స్టడీ కొలువు ఉంటేనో, లేదంటే వారానికి కనీసం 20 గంటలు జీతానికి పనిచేస్తుంటేనో మినహాయింపు. అంటే తినాలంటే చదువు పక్కన పెట్టి పని చెయ్యి అని. మినహాయింపు ఉన్నవాళ్ళు కూడా ఆ నిబంధనలు చదివి అర్థం చేసుకోలేక ఊరుకుంటారు. అర్హత ఉండే వీలున్నా సాయం అందుకోని విద్యార్థులు 2016లో దాదాపు 20 లక్షలమంది.

ఇప్పుడు మనవాడి సంగతి చూడండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్ళినవాడికి స్నాప్ అర్హతే లేదు. పైగా సెమిస్టర్ నడుస్తున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు, అనుమతి లేకుండా బయట పని అసలే కూడదు. అక్కడివాడూ, మనవాడూ ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చుంటారు. ఒకడికి 20 గంటలు నిండకపోతే తిండి లేదు, రెండోవాడికి 20 దాటితే వీసా లేదు. ఈ చట్టాలు రాసినవాళ్ళు వేరువేరు గదుల్లో కూర్చుని రాశారు గాబట్టి ఎవర్నీ తప్పుపట్టలేం. ఆ రెండు గదుల మధ్య పడ్డవాళ్ళిద్దరూ చివరికి కలుసుకునేది మాత్రం ఒకే గదిలో, ప్యాంట్రీలో.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగువాళ్ళు ఎంత దండిగా ఉన్నారో మన వీధిలో ఇంటింటికీ అడిగితే తెలిసిపోతుంది. ఎకరం అమ్మినవాళ్ళు కొందరు, బ్యాంకు అప్పు తెచ్చినవాళ్ళు కొందరు. వీసాకి కావలసిన ఐ-20 కాగితం కోసం ఖాతాలో చూపించిన సొమ్ము వీసా ముద్ర పడగానే ఇచ్చినవాళ్ళ దగ్గరికే తిరిగి వెళ్ళిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. మొదటి సెమిస్టర్‌లో క్యాంపస్ ఉద్యోగం అంత సులువుగా దొరకదు. వాడు డాలరుని రూపాయల్లోకి మార్చి చూసుకుని, కాలీఫ్లవర్ పువ్వు వెల చూసి కంగారుపడి, మళ్ళీ అక్కడే పెట్టేస్తాడు. రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "ఆఁ తిన్నానమ్మా, పప్పు చేసుకున్నాం" అంటాడు. అమ్మకి అబద్ధం తెలియదా? తెలుస్తుంది. కానీ వీడియో కాల్‌లో గిన్నె మూత తీసి చూపించమనదు కదా.

అలాంటివాడు ప్యాంట్రీ గుమ్మం ఎక్కడానికి అడ్డు ఏమిటంటే, నామోషీ. అయిదెకరాల ఆసామి కొడుకు సంచీ పట్టుకుని ధర్మం సరుకు తెచ్చుకున్నాడని ఊళ్ళో తెలిస్తే? వాట్సాప్ గ్రూపుల్లో ఇంకో భయం కూడా చలామణీ అవుతుంటుంది, దీనివల్ల వీసాకి ఏమైనా దెబ్బా అని. యూనివర్సిటీ తన విద్యార్థుల కోసం నడిపే ప్యాంట్రీలో తెచ్చుకున్న బియ్యం సర్కారు సాయం లెక్కలోకి రాదు. విదేశీ విద్యార్థులూ రావచ్చని చాలాచోట్ల బోర్డు మీద రాసే పెడతారు. భయం తీర్చడం తేలిక. నామోషీ తీర్చడమే కష్టం.

ఈ ప్యాంట్రీలు నడిపేవాళ్ళలో నాకు నచ్చేది అదే. వాళ్ళు తిండి పోగుచెయ్యడం కన్నా ఈ మొహమాటం తీసేయడం మీద ఎక్కువ బుర్ర పెడతారు. మంచి ప్యాంట్రీలో అడిగేది విద్యార్థి గుర్తింపు కార్డు ఒక్కటే. మీ నాన్న జీతమెంత, బ్యాంకులో ఎంతుంది, నిజంగా ఆకలేస్తోందా అని అడగరు. గది ఎక్కడ పెట్టాలన్నది కూడా పెద్ద చర్చే. బేస్‌మెంట్‌లో మూలకి పెడితే ఎవరూ చూడరు గానీ, దాక్కుని వెళ్ళాల్సిన చోటులా ఉంటుంది. నలుగురూ తిరిగే చోట పెడితే మామూలు కొట్టులా ఉంటుంది, కాకపోతే క్లాస్‌మేట్ చూస్తాడు. సంచీ మీద ప్యాంట్రీ పేరు అచ్చు వేయించాలా వద్దా? వద్దు, పుస్తకాల సంచీలా ఉండనివ్వండి. తెరిచేది పగలు పదింటికైతే ల్యాబులో ఉన్నవాడు ఎలా వస్తాడు? సాయంత్రం కూడా ఒక గంట తెరవండి. టిన్నులు ఇచ్చారు సరే, టిన్ను తెరిచే పరికరం ఉందా వాడి దగ్గర? ఇవన్నీ నవ్వులాటగా కనిపిస్తాయి గానీ, ఆ గదికి మనిషి రెండోసారి వస్తాడా రాడా అనేది ఇక్కడే తేలుతుంది.

ఇంకొకటి, ఎంచుకునే హక్కు. పాత పద్ధతిలో అందరికీ ఒకేలా కట్టిన పెట్టె ఇచ్చేవారు: పాస్తా, టిన్ను చేప, మాకరోనీ చీజ్, ఏదో ఒక సూప్. అందరికీ సమానమే, కాదనలేం. కానీ శాకాహారి పిల్ల ఆ టిన్ను చేపని ఏం చేసుకుంటుంది? సూప్ డబ్బా మీది అచ్చు చదివితే బీఫ్ అని ఉంటుంది. హలాల్ తినే కుర్రాడికీ అదే గొడవ. గోధుమ పడనివాడికి పాస్తా బరువే. ఆ పెట్టెల్లో సరుకు సగం చెత్తబుట్టలోకి పోయేది. దీన్ని మార్చాలని పట్టుబట్టినవాళ్ళలో పశ్చిమ మిషిగన్ ఫుడ్ బ్యాంక్‌ని నడిపిన జాన్ ఆర్నాల్డ్ ఒకడు. జనాన్ని అరల మధ్యకి రానిచ్చి, వాళ్ళకి కావలసింది వాళ్ళనే తీసుకోనివ్వండి, సరుకు మిగులుతుందే తప్ప తరగదు అని ఆయన వాదన. క్యాంపస్ ప్యాంట్రీలు చాలామటుకు ఇప్పుడు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న క్యాంపస్‌లలో అరల మీదకి బియ్యం వచ్చింది, శనగలు వచ్చాయి, ఎవరైనా గట్టిగా అడిగిన చోట కందిపప్పూ వచ్చింది. చింతపండు ఇంకా సూట్‌కేసులోనే వెళుతోంది.

ఇదంతా చదువుతుంటే మీకు వారాలు గుర్తొచ్చి ఉంటాయి. మన పల్లెల్లోనూ పట్నాల్లోనూ బీద బ్రాహ్మణ పిల్లవాడు చదువుకోవాలంటే ఏడు ఇళ్ళు చూసుకునేవాడు, వారానికి ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో భోజనం. సోమవారం ప్లీడరుగారిల్లు, మంగళవారం కరణంగారిల్లు. ఆ పద్ధతి ఎంతమంది పెద్దవాళ్ళని తయారుచేసిందో చెప్పుకుని మనం మురిసిపోతుంటాం. నిజమే. కానీ ఆ పిల్లవాడి వైపు నుంచి కూడా చూడండి. బుధవారం ఇల్లాలు పుట్టింటికి వెళితే బుధవారం పస్తు. వడ్డించే చేతిని బట్టి ఆ రోజు ఎంత తినాలో నిర్ణయమయ్యేది. అన్నానికి బదులుగా నీళ్ళు తోడటం, అంగడికి పరిగెత్తడం ఎలాగూ తప్పదు. కార్డు గీకితే చాలనే గది ఒకటి ఉంటుందంటే ఆ వారాలబ్బాయి నమ్మేవాడు కాదు.

పైగా ఆ వారాలు ఎవరికి? వేరే కులంలో పుట్టిన పిల్లవాడికి ఆ అరుగు ఎక్కే అవకాశమే లేదు. ఆ తరవాత హాస్టళ్ళు వచ్చాయి. హైదరాబాదులో 1918లో పెట్టిన రెడ్డి హాస్టల్ లాంటివి, ఎక్కువభాగం ఏ కులం పిల్లల్ని ఆ కులం పెద్దలు చదివించుకోడానికే కట్టుకున్నారు. కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు, ఎవరూ దగ్గరికి రానివ్వని పిల్లలకి రాజావారి అండతో నీడ, తిండి చూపించారు. ఆయనే తరవాత మద్రాసు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరయ్యారు. ఇక టంగుటూరి ప్రకాశం పంతులుగారి చదువు వెనక ఒంగోల్లో వాళ్ళమ్మగారు నడిపిన పూటకూళ్ళ ఇల్లు ఉంది. మన దగ్గర చదువు చరిత్ర రాస్తే అందులో సగం వంటింటి చరిత్రే అవుతుంది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు జూనియర్ కాలేజీల్లో కూడా, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మగారి పేరుతో మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలుపెట్టింది. పదో తరగతిదాకా ఆకలేసిన పిల్లకి ఇంటర్‌లో చేరగానే ఆకలి ఆగిపోదని గుర్తించడానికి ఇన్నేళ్ళు పట్టింది. డిగ్రీ, పీజీ వాళ్ళ వంతు ఎప్పుడో! హైదరాబాదు అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళని అడగండి, అయిదు రూపాయల భోజనం బండి ఏ వేళకి వస్తుందో ఠక్కున చెబుతారు.

కెనడా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరే అడుగుతారు. 2024లో అక్కడ ఒక భారతీయుడు, కాలేజీల ఫుడ్ బ్యాంకుల్లో తిరిగి నెలకి ఎంత డబ్బు మిగుల్చుకుంటున్నాడో వీడియో తీసి గొప్పగా పెట్టాడని గగ్గోలైంది. అక్కడితో ఆగితే బాగుండును. ఆ ఒక్కడి ముఖం మన పిల్లలందరికీ తగిలించేశారు. అంతకుముందే బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంక్ విదేశీ విద్యార్థులకి తలుపు మూసింది. 2024లోనే వాంకూవర్ పెద్ద ఫుడ్ బ్యాంక్, మొదటి సంవత్సరం విదేశీ విద్యార్థులకి ఇవ్వబోమంది. వాళ్ళ వాదన ఏమిటంటే, వీసా కోసం ఏడాది ఖర్చుకి డబ్బుందని చూపించి వచ్చారు కదా, మరి అదేమైంది? కెనడా అడిగే ఆ మొత్తం చాలా ఏళ్ళపాటు పదివేల డాలర్లే. 2024 జనవరి నుంచి 20,635 డాలర్లు చేశారు. అంటే పదివేలతో అక్కడ బతకలేరని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అలాంటప్పుడు పదివేలు చూపించి వచ్చిన పిల్లల్ని దొంగల్లా చూడటం నాకైతే న్యాయంగా తోచదు. అవసరం లేకుండా తీసుకునేవాడు ప్రతి వరుసలోనూ ఒకడుంటాడు, పెళ్ళి విందులో కూడా ఉంటాడు. వాణ్ణి పట్టుకోడానికి గుమ్మంలో కాపలా పెడితే వాడు ఎలాగూ ఇంకో దారి వెతుక్కుంటాడు. సిగ్గుపడేవాడే వెనక్కి వెళ్ళిపోతాడు.

అలాగని ఈ ప్యాంట్రీలని నెత్తిన పెట్టుకుని ఊరేగించనూ అక్కర్లేదు. ఫీజులు, అద్దెలు ఏటా పెంచుతూ, స్టైపెండు మాత్రం కదలనివ్వకుండా, ఒక మూల గదిలో బీన్స్ డబ్బాలు పెట్టి ఫొటో దిగే యూనివర్సిటీలూ ఉన్నాయి. ప్యాంట్రీలో పనిచేసే విద్యార్థులే దీన్ని అందరికంటే గట్టిగా అంటారు. వారానికి ఒక సంచీ సరుకు వారం రోజుల తిండి కాదని వాళ్ళకి తెలుసు. అందుకే కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టంతో ప్రతి కమ్యూనిటీ కాలేజీలోనూ బేసిక్ నీడ్స్ సెంటర్ ఉండాలంది. తిండి, ఇల్లు, స్నాప్ దరఖాస్తు, ఇవన్నీ ఒకేచోట చూసే మనిషి ఉంటాడక్కడ. సరుకుతో పాటు ఆ దరఖాస్తు నింపిపెట్టే మనిషి దొరికితే, ఆ పిల్ల ఏడాదిపాటు తన కార్డుతో తనే కొనుక్కుంటుంది.

ఇక మీలో అమెరికాలో స్థిరపడ్డవాళ్ళెవరైనా ఉంటే ఒక మాట. దసరాకో సంక్రాంతికో ఫుడ్ డ్రైవ్ పెట్టి, ఇంట్లో ఎవరూ తినని గుమ్మడికాయ గుజ్జు టిన్నులన్నీ అట్టపెట్టెలో వేసి పంపకండి. డబ్బు పంపండి. ఫుడ్ బ్యాంకులు టోకున కొంటాయి కాబట్టి మీరు కొట్లో పెట్టే డాలరు కన్నా వాళ్ళ చేతిలో డాలరు ఎక్కువ తూగుతుంది. వస్తువులే ఇస్తామంటే ముందు ఫోన్ చేసి, అరల మీద ఏది ముందు ఖాళీ అవుతోందో అడగండి. సోనా మసూరి అని చెబితే ఇరవై పౌన్ల సంచీ ఒకటే పడేసి రాకండి, బస్సులో వెళ్ళే పిల్ల దాన్ని మోయలేదు. రెండేసి పౌన్ల ప్యాకెట్లు కొని ఇవ్వండి. కారప్పొడి, పసుపు కూడా చిన్న చిన్న ప్యాకెట్లైతే మంచిది. ఇంట్లో విప్పి కట్టినవి తీసుకోరు, సీలు తీయనివే తీసుకుంటారు. కాబట్టి కొనేటప్పుడే చిన్న ప్యాకెట్లు చూసి కొనండి. గడువు తేదీ కూడా చూడండి, కిందటేడు సత్యనారాయణ వ్రతానికి కొన్న రవ్వ పంపేరు!